అజంతా గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు

ఆ నలభై అయిదు రోజుల్లో నా గొంతు విననివాళ్ళు నాంపల్లిలో ఎవరూ ఉండరు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. నుమాయిష్, అంటే మా నాంపల్లి ఎగ్జిబిషన్, ఆ మైదానంలో స్తంభానికో లౌడ్‌స్పీకర్ కట్టి ఉంటుంది కదా, అందులోంచి “దయచేసి వినండి” అని మొదలయ్యే గొంతు ఆ ఏడాది నాది. పిల్లాడు తప్పిపోయినా, పర్సు దొరికినా, ఎవరో మహానుభావుడు కారు దారికి అడ్డంగా పెట్టి వెళ్ళినా నేనే చెప్పాలి. జనవరి ఒకటిన మొదలు, ఫిబ్రవరి పదిహేనుకు ఆఖరు.

పగలు కోర్టు ఎదురుగా ఒక జిరాక్స్ దుకాణంలో అఫిడవిట్లు టైపు చేసేదాన్ని. నాలుగింటికి అది వదిలిపెట్టి నుమాయిష్‌కు పరుగు. స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. ఇంట్లో మా అత్తమ్మ పోశవ్వ, నా కూతురు స్నేహ. దానికి తొమ్మిదేళ్ళు. దాని తండ్రి జితేందర్ ఆరేళ్ళ కిందట షోలాపూర్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మాకు విడాకులైన రోజు తల్లిని తనతో తీసుకుపోదామని ఆటో తెచ్చాడు. మా అత్తమ్మ ఆటోలో కూర్చున్నట్టే కూర్చుని మళ్ళీ దిగింది. “నువ్వు పో కొడుకా. నాకు ఇంట్ల పనున్నది,” అంది. ఆరేళ్ళయినా ఆ పని ఆమెకు తెమలలేదు. నేను పనికి పోతే స్నేహను చూసేది ఆమె, నాకు జ్వరమొస్తే జావ కాచేది ఆమె, నేను ఏడిస్తే తిట్టేది కూడా ఆమే.

మైకు ఆఫీసు పనికి ఒక పద్ధతి ఉంది. కౌంటర్ దగ్గర రశ్మి కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ గోడు విని, చిట్టీ రాసి, నా ముందుకు తోస్తుంది. నేను చదువుతాను. ముందొకసారి కళ్ళతో చూసుకుని తర్వాత పైకి చదవడమనేది మొదటి రెండు రోజులే సాగింది. ఆ తర్వాత తీరిక ఎక్కడిది? ఆదివారమైతే గంటకు నలభై చిట్టీలు. కన్ను అక్షరం మీద పడటం, నోరు తెరవటం ఒక్కసారే జరిగిపోయేవి. ఒకరోజు రశ్మి క్యాంటీన్ కోసం రాసుకున్న చిట్టీ పొరపాటున నా ముందుకొచ్చింది. “దయచేసి వినండి. రెండు చాయ్, ఒకటి చక్కెర లేకుండా, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు,” అని మైదానమంతా మోగించేశాను. అయిదు నిమిషాల్లో మూడు స్టాళ్ళవాళ్ళు నవ్వుకుంటూ చాయ్ పంపారు. రశ్మి నెత్తి కొట్టుకుంది. “అహల్యక్కా, నీ ముందట రాజీనామా పెట్టినా గట్లనే చదువుతవ్,” అంది.

నుమాయిష్ మొదలైన మూడోరోజు సాయంత్రం ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చేసిన లాల్చీ, చేతిలో వేడివేడి పల్లీల పొట్లం. మనిషి మొహంలో బెంగ అన్నది మచ్చుకైనా లేదు.

“అమ్మాయ్, నేను తప్పిపోయాను,” అన్నాడు.

“ఎవరి కాడికెల్లి తప్పిపోయిన్రు తాతా?” రశ్మి చిట్టీ తీసింది.

“మా అబ్బాయి దగ్గర్నించి.”

“మీ అబ్బాయి యాడున్నడు?”

“అదుగో, ఆ కనబడుతున్న బట్టల స్టాలులో,” అని వేలు చూపించాడు. “నువ్వు రాయమ్మా, నీకెందుకు? వేమూరి అమరేశ్వరరావు. ఇంటిపేరు వదిలెయ్యకు.”

నేను చదివాను. వేమూరి అమరేశ్వరరావు గారు, ఎనభై ఏళ్ళు, మైకు ఆఫీసులో ఉన్నారు, వారి తాలూకు వాళ్ళు వచ్చి తీసుకువెళ్ళవలెను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. “అరవై ఏళ్ళ నుంచీ వస్తున్నా ఈ నుమాయిష్‌కి. నా పేరు ఇంత బాగా ఎవరూ చదవలేదే,” అన్నాడు. నవ్వు ఆపుకోలేక మైకు మూసేశాను.

పది నిమిషాలకు కొడుకు వచ్చాడు. నలభై దాటిన మనిషి. మెడలో కొలత టేపు, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, జుట్టులో నూలుపోగులు. చూడగానే సేల్స్‌మన్ అనుకున్నాను. హైదరాబాద్‌లో సేల్స్‌మన్‌ను ఏమని పిలుస్తాం?

“అన్నా, జర పెద్దమనిషిని చూసుకోవాలె గదా,” అన్నాను. “గిరాకీ యాడికి పోతది?”

ఆ ‘అన్నా’కు ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. “క్షమించండి. బేరం మధ్యలో ఉన్నానండీ.”

“మీ సేఠ్‌కు చెప్పున్రి. ఇంట్ల పెద్దోళ్ళున్నోళ్ళకు జర ఛుట్టీ ఇయ్యాలె.”

ముసలాయన నోరు తెరవబోయాడు. కొడుకు ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. “చెబుతానండీ. ఆయన కాస్త మొండిమనిషి,” అన్నాడు. ఆయన పేరు ప్రసన్నకుమార్ అని, తండ్రిని అప్పగించుకున్నట్టు పెట్టిన సంతకంలో చూశాను.

ఆ తర్వాత ముసలాయన రోజు విడిచి రోజు తప్పిపోయాడు. కొడుకు రోజు విడిచి రోజు వచ్చాడు. మొదట్లో వచ్చి తీసుకుపోయేవాడు. తర్వాత ఒక చాయ్ తాగేవాడు. ఆ తర్వాత తండ్రి వెళ్ళిపోయినా తను మాత్రం బల్ల చివర నిలబడి రెండో చాయ్ తాగేవాడు. ఒకరోజు నా గొంతు బొంగురుపోతే శొంఠి, మిరియాలు వేసి కాచిన పాలు ఫ్లాస్కులో తెచ్చాడు. ఇంకోరోజు నాలుగేళ్ళ పిల్లాడొకడు పేరు చెప్పకుండా ఏడుస్తూ కూర్చుంటే, వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని స్టాలు స్టాలుకూ తిరిగాడు. గంటన్నర తర్వాత వాళ్ళ అమ్మ దొరికింది. ఆవిడ ఏడుస్తూ ఆయన చేతులు పట్టుకుంటే ఆయన కళ్ళు కూడా తడిశాయి. నేను మైకు ముందు కూర్చుని అదంతా చూస్తున్నాను. అప్పటికి నా పని అయిపోయిందనే చెప్పాలి.

అబద్ధమెందుకు? ఆయన రావలసిన రోజున సాయంత్రం నాలుగున్నర నుంచే నా చెవులు తలుపు మీద ఉండేవి. ఆయన అడుగు వినబడితే చిట్టీలో అక్షరాలు అలుక్కుపోయేవి. ముప్పై నాలుగేళ్ళ వయసులో ఇదేం చోద్యం అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటూనే అద్దం ముందు నిలబడేదాన్ని.

“ఏందే, పౌడర్ గట్టిగ రుద్దుతున్నవ్?” అంది మా అత్తమ్మ ఒకరోజు. “మైకుల మొకం గూడ కనబడ్తదా?”

“చెమట పడ్తదని, అత్తమ్మా.”

“జనవరిల.”

అంతకుమించి ఆమె ఏమీ అనలేదు. పెదవి బిగబట్టి నవ్వుకుంటూ స్నేహకు జడ వేసింది.

ఒక ఆదివారం పొద్దున స్నేహకు స్కూలు లంగా గుడ్డ కొనాల్సి వచ్చింది. ఎప్పుడూ కోఠి ఫుట్‌పాత్ మీదే కొంటాం. ఆ రోజు మా అత్తమ్మకు ఎందుకో బుద్ధి పుట్టింది. “అబిడ్స్‌ల పెద్ద దుకాణం జూద్దాం పాండ్రి. చూస్తె పైసలడుగుతరా?” అంది. జీపీఓ దాటి, అద్దాల తలుపులున్న నాలుగంతస్తుల షోరూమ్‌లోకి అడుగు పెట్టాం. లోపల చల్లగా ఉంది. ఎదురుగా గోడ మీద పెద్ద ఫోటో, ఫోటోలో తెల్ల పంచెతో మన తప్పిపోయే తాత!

నేను ఇంకా నోరు మూయక ముందే మెట్ల మీద అలికిడైంది. పదిమంది సేల్స్‌మెన్ లేచి నిలబడ్డారు. “సార్, సూరత్ పార్టీ లైన్లో ఉంది,” అన్నారెవరో. మెట్లు దిగుతున్నది ప్రసన్నకుమార్. మెడలో టేపు లేదు, చొక్కా చేతులు మడిచి లేవు. నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు.

మా అత్తమ్మ నా మోచెయ్యి పొడిచింది. “గీయన్నేనా నీ చెమట?”

నాకు అవమానంతో చెవులు భగ్గుమన్నాయి. వారాల తరబడి ఈ మనిషికి సేఠ్ దగ్గర ఎట్లా మసులుకోవాలో పాఠాలు చెప్పాను. మా ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలు, పాపం ఆకలితో ఉన్నాడేమోనని సగం పెట్టాను. దగ్గరికి వెళ్ళి, “మీ సేఠ్ మొండిమనిషి అన్నరు గదా. నిజమే,” అనేసి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

మర్నాడు తండ్రి తప్పిపోకుండానే ఆయన మైకు ఆఫీసుకు వచ్చాడు.

“నుమాయిష్‌లో మా స్టాలు ఏటా నేనే నడుపుతానండీ. ముందే చెబితే మీరు కుర్చీ వేసేవారు,” అన్నాడు. “నాకు ఆ బల్ల చివర నిలబడి చాయ్ తాగడమే బాగుంది. అంతే. ఎగతాళి చెయ్యాలని కాదు.”

“నా సకినాలు తిన్నరు.”

“తిన్నాను. మళ్ళీ పెడితే మళ్ళీ తింటాను.”

రశ్మి చిట్టీలో తల దూర్చి దగ్గింది. నాకు కోపం నిలబడటం లేదు. అదొక బాధ నాతో.

“ఇంకొక్క మాటండీ,” ఆయన గొంతు తగ్గించాడు. “ఏమని పిలిచినా పలుకుతాను. అన్నా అని మాత్రం పిలవకండి.”

అప్పుడు నా చేతిలో ఉన్న చిట్టీ ఎవరిదో, అందులో ఏముందో ఈ రోజుకీ నాకు గుర్తులేదు. చదివానో లేదో కూడా తెలియదు.

ఆ వారమే మధ్యాహ్నం భోజనాల వేళ మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తిందామన్నాడు. ఒప్పుకున్నాను. మార్కెట్ రాతి గోడల నీడలో రెండు కుర్చీలు, రెండు కప్పుల అంజీర్ ఐస్‌క్రీమ్. చుట్టూ పండ్ల వాసన, ఆటోల హారన్లు. ఆయన స్పూను కప్పులో తిప్పుతూ ఉండిపోయాడు. వ్యాపారంలో ఎంత చురుకో గానీ ఈ విషయంలో మాత్రం మాట పెగలటం లేదు.

“మా ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయిందండీ. పిల్లలు లేరు. మళ్ళీ పెళ్ళి చేసుకుందామని ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. మీకు ఇష్టమైతేనే. స్నేహకి కూడా ఇష్టమైతేనే.”

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, పైన మార్కెట్ గడియారం చప్పుడు కూడా నాకు వినబడలేదు. సంతోషం అంటే అదే. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నన్నెవరూ ‘నీకు ఇష్టమా’ అని అడగలేదు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఐస్‌క్రీమ్ కరిగిపోతోంది. అవునని చెప్పటానికి నోరు తెరిచి, అసలు మాట ముందు అడగాలి కదా అని గుర్తొచ్చి, “మా అత్తమ్మ?” అన్నాను.

“దాని గురించి మీరసలు దిగులు పెట్టుకోవద్దండీ,” అన్నాడు వెంటనే. ముందే ఆలోచించి పెట్టుకున్నాడన్నమాట. “శంషాబాద్ వైపు పెద్దవాళ్ళకి మంచి చోటు ఉంది. ఏసీ గది, ఇరవై నాలుగ్గంటలూ నర్సు, గుడి కూడా లోపలే. ఖర్చంతా నాది. ఆవిణ్ణి మహారాణిలా చూసుకుంటారు.”

నేను కప్పు కింద పెట్టాను.

“ఆమెకు కాళ్ళు చేతులు మంచిగున్నయ్,” అన్నాను. “చూసుకుంటున్నది ఆమె. మమ్మల్ని.”

“అది కాదండీ, రేపు మా చుట్టాలు ఆవిడ ఏమవుతుందని అడిగితే... మొదటాయన తల్లి అంటే ఆవిడకే ఇబ్బందిగా...”

“కన్నకొడుకు ఆటో తెస్తె దిగి నా ఇంట్లకు వచ్చింది. గామెను పంపి నేను మీ ఇంట్లకు రావాల్నా?” నేను కుర్చీ వెనక్కి తోశాను. “మీరు మంచోళ్ళే. గానీ నాతోని కాదు. అత్తమ్మను ఇడిసిపెట్టి నేను యాడికీ రాను.”

లేచి నడిచాను. వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు. ఆగితే ఏడుస్తానని ఆగలేదు. కోర్టు దాకా ఏడుస్తూనే నడిచాను, ఆగకుండానే.

ఇంట్లో దాచిపెడదామనుకున్నాను. మా అత్తమ్మ దగ్గర దాగుతుందా? మరునాడు పొద్దున వెల్లుల్లి పొట్టు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“పెండ్లి సంగతి అడిగిండు గదా?”

“అడిగిండు.”

“నువ్వు వద్దన్నవ్.”

“వద్దన్న.”

“నా గురించేనా?”

నేను చేటలోంచి ఒక రెబ్బ తీసుకుని పొట్టు తీయసాగాను. అదే నా జవాబైంది. ఆమె వెల్లుల్లి చేట పక్కకు పెట్టింది.

“పిచ్చి పోరీ. నేనెన్ని రోజులుంట? నీ ముందట ఇంక సగం బతుకు ఉన్నది. నన్ను యాడనో పెడ్తె నాకేమైతది? టీవీ చూసుకుంట కూసుంట.”

“నువ్వు నోరు ముయ్యి అత్తమ్మా. ఇంకోసారి గా మాట తీస్తే మంచిగుండదు.”

“నీకు అడ్డమైతున్ననే,” అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు విన్నాను. నాకు అంతకంటే నరకం లేదు. ఇద్దరం ఆ రోజు కూర లేకుండా వెల్లుల్లి కారంతోనే అన్నం తిన్నాం.

వారం గడిచింది. ముసలాయన తప్పిపోవడం మానేశాడు. తలుపు దగ్గర అడుగుల చప్పుడు వినబడితే చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని, ఎవరో కారు తాళాలు పోగొట్టుకున్నవాళ్ళు వచ్చేవాళ్ళు. “అక్కా, నీ గొంతు వింటే దొరికిన పిల్లలు గూడ ఏడ్చేటట్టున్నరు,” అంది రశ్మి. మా అత్తమ్మ మోకాలి నొప్పి అని బుధవారం దవాఖానకు పోయి వచ్చింది. మందులేవి అంటే మర్చిపోయాను అంది. నేను పట్టించుకునే స్థితిలో లేను.

లేడీస్ డే వచ్చింది. ఆ ఒక్కరోజు నుమాయిష్‌లోకి మగవాళ్ళకు ప్రవేశం లేదు. మైదానమంతా ఆడవాళ్ళు, పిల్లలు. గాజుల స్టాళ్ళ ముందు తోపులాట, జెయింట్ వీల్ మీద కేకలు, బురఖాలు, పట్టుచీరలు, జీన్సులు, ఎక్కడ చూసినా నవ్వులు. మైకు ఆఫీసులో ఊపిరి తిరగనంత పని. పొద్దున బయలుదేరేటప్పుడు మా అత్తమ్మ, “గా మామిడిపండు రంగు చీర కట్టు. ఇయ్యాల ఆడోళ్ళ పండుగ,” అని పట్టుబట్టింది. ఇష్టం లేకపోయినా కట్టాను. తను స్నేహను తీసుకుని సాయంత్రం వస్తానంది.

అయిదింటికి చిట్టీలు వరదలా వచ్చిపడుతున్నాయి. చార్మినార్ నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు విడిపోయారు. ఎవరిదో చెవిదుద్దు దొరికింది. కాచిగూడ కాలేజీ పిల్లలు బస్సు దగ్గరికి రావలెను. ఒకటి చదవటం, పక్కన పెట్టటం, ఇంకొకటి. రశ్మి ఒక చిట్టీ తెచ్చి నా ముందు పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది. నేను ఆమె మొహం చూడలేదు. కళ్ళు అక్షరాల మీదికి పోయాయి, నోరు మొదలుపెట్టేసింది.

“దయచేసి వినండి. నాంపల్లి నుంచి వచ్చిన పోశవ్వ, డెబ్బై ఏళ్ళు...”

అత్తమ్మ తప్పిపోయిందా? పిల్ల ఏది? ఆపుదామంటే నోరు ఆగదు, ఏమైందో తెలియాలంటే చదవక తప్పదు. గబగబా చదివాను.

“...ఆకుపచ్చ చీర, అజంతా గేటు దగ్గర తన కూతురి కోసం ఎదురుచూస్తున్నారు.”

కూతురా? మా అత్తమ్మకు ఉన్నది ఒక్క కొడుకు. కూతుళ్ళు లేరు.

“కూతురి పేరు అహల్య. ముప్పై నాలుగేళ్ళు. మామిడిపండు రంగు చీర కట్టుకుని ఉంది. ఎక్కడున్నా వెంటనే రావలెను. పిల్లను అడగటానికి పెళ్ళివారు వచ్చి ఉన్నారు. మగవాళ్ళు కాబట్టి లోపలికి రానివ్వడం లేదు. ఎండలో నిలబడి ఉన్నారు.”

ఆఖరి వాక్యం కూడా చదివాకే నా నోరు మూతపడింది. మైకు ఇంకా తెరిచే ఉంది. రశ్మి చెయ్యి చాచి దాన్ని మూసింది.

అప్పుడు బయట మొదలైంది చూడండి! ఎక్కడో చప్పట్లు, ఇంకెక్కడో ఈల. ఆడవాళ్ళు అంత బాగా ఈల వేస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

“రశ్మీ, గిదేంది?”

“గామె చెప్పింది, నేను రాసిన. నా డ్యూటీ నేను చేసిన,” అంది. దాని కళ్ళు మెరుస్తున్నాయి. “లేవు అక్కా! నీ సీట్ల నేను కూసుంట. పో!”

ఆఫీసు దిగి నాలుగడుగులు వేశానో లేదో గాజుల స్టాలు దగ్గర ఒకామె గట్టిగా అరిచింది. “మామిడిపండు చీర! గీమెనే!” అంతే, దారి విడిపోయింది. “జల్ది పో అక్కా!” “అబ్బాయి మంచోడేనా? జర చూసి ఒప్పుకో!” “భయపడకు అమ్మా!” ఎవరో నా జడ మీద మల్లెచెండు దోపేశారు, ఎవరో తెలియదు. బురఖాలో ఉన్న ఒక పెద్దామె నా గడ్డం పట్టుకుని, “ముబారక్ బేటా,” అంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా పరుగెత్తాను. పెళ్ళి చేసుకోవాలనో, మానుకోవాలనో కాదు. నా చెవుల్లో ఒక్క మాటే మోగుతోంది. కూతురు అని రాయించింది. నాలుగు దిక్కులా వినిపించేలా నా నోటితోనే చదివించింది.

అజంతా గేటు లోపలి వైపు ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తమ్మ కూర్చుని ఉంది, కాలు మీద కాలు వేసుకుని. పక్కన స్నేహ పీచుమిఠాయి తింటోంది. గేటు కమ్మీల అవతల అమరేశ్వరరావుగారు మహిళా కానిస్టేబుల్‌తో వాదన పెట్టుకున్నాడు. “ఎనభై ఏళ్ళవాణ్ణి, నన్ను మగాడి కింద లెక్కేస్తావేంటమ్మా? నీకు నమ్మకం కుదరకపోతే నన్ను పట్టుకుని కూర్చో!” ఆయన వెనక ప్రసన్నకుమార్ నిలబడి ఉన్నాడు, చెమటతో తడిసిన చొక్కాతో. నన్ను చూడగానే కమ్మీల దగ్గరికి వచ్చాడు.

“అహల్యగారూ, ముందు నా మాట వినండి. మా నాన్నని ఎక్కడైనా పెట్టు అని ఎవడైనా నాతో అంటే చొక్కా పట్టుకునేవాణ్ణి. ఆ మాట నేనే మీతో అన్నాను. నర్సు, ఏసీ అని డబ్బు లెక్క చెప్పాను. సిగ్గుగా ఉంది.”

“ఊరికే సిగ్గు రాలేదులే,” అన్నాడు ముసలాయన, గేటు అవతల నుంచే. “బుధవారం ఈవిడ మా షోరూమ్‌కి వచ్చి వాణ్ణి దులిపేసింది. నాలుగో అంతస్తు దాకా వినబడింది. చీరలు చూస్తున్నవాళ్ళు చూడ్డం ఆపేశారు.”

నేను అత్తమ్మ వైపు చూశాను. “దవాఖాన అన్నవ్?”

“మోకాలే సూపించిన,” అంది తాపీగా. “గీ మోకాళ్ళతోని గిన్ని మెట్లెక్కి వచ్చిన, నువ్వు నా పిల్లకు ఏం చేస్తవో చెప్పు అన్న. నర్సు గిర్సు నాకొద్దన్న. గా ఇంట్ల నాకొక గది గావాలె, తాత గది పక్కనే. వంటింట్ల నా మాట నడవాలె. చుట్టాలు నేను ఏమైతనంటే సక్కగ చెప్పాలె.”

“ఏమని చెప్పాలో కూడా ఆవిడే చెప్పారు,” అన్నాడు ప్రసన్నకుమార్. “అత్తగారు అని. నాకు.”

కానిస్టేబుల్ కూడా వాదన ఆపేసి వింటోంది. మా వెనక ఎంతమంది పోగయ్యారో తెలియదు, ఊపిరి చప్పుళ్ళు మాత్రం వినబడుతున్నాయి.

అమరేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నాడు. లాల్చీ సర్దుకున్నాడు. కమ్మీల మధ్య నుంచే రెండు చేతులూ జోడించాడు, మా అత్తమ్మకు.

“పోశవ్వగారూ, మా వాడికి మీ అమ్మాయిని అడగటానికి వచ్చామండీ.”

మా అత్తమ్మ కాలు మీది కాలు తీసింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

“అడిగిన్రు, సంతోషం,” అంది. “నేనొక్కదాన్నే చెప్పొద్దు. పిల్లను గూడ అడగాలె గదా.”

నా వైపు తిరిగింది. ఆరేళ్ళుగా నేను చూడని భయం ఆమె మొహంలో ఉంది. నేను వద్దంటానేమోనని, మళ్ళీ తన కోసమే ఆగిపోతానేమోనని భయం.

“ఏం బిడ్డా, అడుగుతున్నరు. ఇయ్యమంటవా?”

మైదానమంతా మోగే నా గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. పదహారేళ్ళ పిల్లలాగా తల దించుకున్నాను.

“నీ ఇష్టం, అమ్మా,” అన్నాను.